లజ్ దాటినవాడికి ఫ్రీమాంట్ ఒక లెక్కా?

మద్రాసులో, మైలాపూరు లజ్ చర్చి రోడ్డులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కుకి పొద్దున్నే నడకకు వచ్చే తెలుగువాళ్ళలో నేనొకణ్ణి. ఈ మాటలు అక్కడ విన్నవే. మాట్లాడినవాళ్ళలో ఒకరు డెబ్బై ఏళ్ళ పెద్దాయన. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మే నెలలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతున్నారు, మూడు నెలలు ఉండి వస్తారు. అక్కడ కూడా తన కారు తనే నడుపుకుంటానని ఆయన పట్టు. రెండో ఆమె ఆయన మేనకోడలు. పద్నాలుగేళ్ళుగా ఫ్రీమాంట్‌లోనే ఉంటూ, సెలవుకని మైలాపూరు వచ్చింది. ఆయన నడపకూడదని ఆమె పట్టు.

వాదం మొదలైంది పార్కు గేటు బయట. రోడ్డు దాటబోతూ ఆమె ముందు ఎడమకి చూసి అడుగు వేసింది. కుడి నుంచి షేర్ ఆటో దూసుకొచ్చింది. మామయ్య రెక్క పట్టి వెనక్కి లాగారు. ముగ్గురం మళ్ళీ లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. ఆమె చేతులు వణకడం ఆగేదాకా ఎవరం మాట్లాడలేదు.

మామయ్య: చూశావా? పుట్టింది కచేరీ రోడ్డులో, పెరిగింది ఇక్కడే. పద్నాలుగేళ్ళు బయట ఉండేసరికి నీ మెడ అటు తిరగడం మరిచిపోయింది. నిన్న రాత్రేమో కారు తాళాలు అడిగావు!

మేనకోడలు: తప్పే మామయ్యా. అందుకే మీకూ చెబుతున్నాను. పద్నాలుగేళ్ళలో నా మెడ మారిపోయింది. నలభై అయిదేళ్ళుగా స్టీరింగు పట్టిన మీ చేతులు మూడు నెలల కోసం మారతాయా?

మామయ్య: నీది నడక, ఆదమరిచావు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు ఆదమరవడు. ఇన్నేళ్ళలో నా బండి ఎవరికీ తగల్లేదు. మెట్రో పనులకి లజ్ దగ్గర రోడ్డు తవ్విపోసినప్పుడూ నడిపాను. పంగుణి ఉత్సవాల్లో మాడ వీధుల చుట్టుపక్కల జనం కిక్కిరిసినప్పుడూ నడిపాను. ముందు బస్సు, పక్కన ఆటో, ఎదురుగా తప్పుదారిలో స్కూటరు, మధ్యలో ఆవు. ఇవన్నీ ఒక్కసారే చూసే కంటికి, గీతల మధ్య వరసగా పోయే కార్లు ఒక లెక్కా?

మేనకోడలు: ఆ కన్ను చాలదంటున్నాను. ఇక్కడ మీరు ఎవర్నీ నమ్మరు. పచ్చ లైటు పడ్డా అటూ ఇటూ చూసి గానీ కదలరు. మంచిదే. ఎదుటివాడు కూడా మిమ్మల్ని నమ్మడు. ఇద్దరూ సందు చూసుకుంటూ, కళ్ళతో బేరమాడుకుంటూ పోతారు. అక్కడ ఎదుటివాడు నమ్ముతాడు. ఆ మూలలో మీరు ఆగుతారని నమ్మి, వేగం తగ్గించకుండా వస్తాడు. మీరు ఆగలేదనుకోండి, బేరానికి వ్యవధి ఉండదు.

మామయ్య: ఆగనని ఎవరన్నారు? స్టాప్ బోర్డు అంటే ఏమిటో నాకు తెలుసు. నాలుగు వైపులా బోర్డు ఉంటే ముందు వచ్చినవాడు ముందు వెళ్ళాలి. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కవాడికి దారివ్వాలి. వాళ్ళ డ్రైవర్ల పుస్తకం మీ బావ పంపించాడు, మొత్తం చదివాను. ఎర్ర లైటు దగ్గర పూర్తిగా ఆగి, వద్దని బోర్డు లేకపోతే, కుడికి తిరగొచ్చు. అదే న్యూయార్క్ నగరంలో అయితే, తిరగొచ్చని బోర్డు ఉంటేనే తిరగాలి. పసుపు స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగి ఆరుతుంటే వెనకవాడూ ఆగాలి, ఎదురొచ్చేవాడూ ఆగాలి. కాలిఫోర్నియాలో రోడ్డుకి అటు రెండు ఇటు రెండు వరసలుంటే ఎదురువాడు ఆగక్కర్లేదు. రోడ్డు అంచుకి ఎర్ర రంగు ఉంటే బండి ఆపకూడదు, నీలం వికలాంగులకి. మంటలార్పే గొట్టానికి పదిహేను అడుగుల్లోపు పార్కు చేయకూడదు. ఇంకేం కావాలి?

ఇది విని నేను ఆశ్చర్యపోయాను. అక్కడే పుట్టిన పిల్లలకి కూడా ఇంత పొందిగ్గా చెప్పడం వస్తుందో రాదో. మేనకోడలు కూడా ఒక్క క్షణం ఆగింది.

మేనకోడలు: పరీక్ష పెడితే నూటికి నూరు మామయ్యా. కానీ ఇవన్నీ కూర్చుని చెప్పినవి. మీ మారుతిలో ఇండికేటరు కడ్డీ స్టీరింగుకి ఏ పక్కన ఉంది?

మామయ్య: కుడి పక్కన.

మేనకోడలు: అక్కడ ఎడమ పక్కన. మొదటి వారమంతా మలుపు దగ్గరికి రాగానే వైపర్లు కొట్టుకుంటాయి. వాన ఉండదు, ఆకాశంలో మబ్బుండదు, అద్దం మీద వైపర్లు ఆడుతుంటాయి. అంటే ఇండికేటరు వేయకుండా తిరిగారన్నమాట. అప్పుడు చూపు ఎక్కడుంటుంది? కడ్డీ మీద. రోడ్డు మీద కాదు. పైగా మీరు కూర్చునేది కారుకి ఎడమ పక్కన. మీ అంచనా అంతా కుడి సీటు నుంచి కదా. తెలియకుండానే బండి మొత్తం కుడి అంచుకి జరిగిపోతుంది, ఆగి ఉన్న కార్ల అద్దాలు రాసుకుంటాయి.

మామయ్య: రెండు రోజుల్లో అలవాటవుతుంది.

మేనకోడలు: రద్దీలో అవుతుంది. ముందున్న కారు వెనక పోతే చాలు, తప్పు చేయాలన్నా చేయలేరు. ప్రమాదం ఖాళీ రోడ్డు మీద. పొద్దున్న ఆరింటికి దుకాణం నుంచి పాలు కొనుక్కుని బయటికొచ్చారు. రోడ్డు మీద పురుగు లేదు. ఎడమకి తిరగాలి. మీ చేతులు ఎటు తీసుకెళతాయి? నేరుగా దగ్గరి వరసలోకి, అంటే ఎదురొచ్చేవాళ్ళ దారిలోకి. అది మీకు తప్పని కూడా అనిపించదు, ఇంటికొచ్చినట్టు హాయిగా ఉంటుంది. నా మొదటి నెలలో నాకు సరిగ్గా ఇదే జరిగింది. ఎదురుగా లారీ లైట్లు కనిపించేదాకా నేను సరైన పక్కనే ఉన్నాననుకున్నాను. ఇది ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మామయ్య ఆమె వంక చూశారు. కాసేపు ఏమీ అనలేదు. నేనే కలగజేసుకుని చర్చిల్ సంగతి చెప్పాను. 1931 డిసెంబరులో న్యూయార్క్‌లో, ఫిఫ్త్ ఎవెన్యూ మీద, టాక్సీ దిగి రోడ్డు దాటుతూ ఇంగ్లండు అలవాటు కొద్దీ కారు వచ్చే వైపు కాకుండా రెండో వైపు చూశాడు. కారు గుద్దేసింది. బతికి బయటపడ్డాడు. లండన్‌లో దాటే చోట్ల రోడ్డు మీదే ‘కుడివైపు చూడండి’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. బయటి నుంచి వచ్చినవాడి మెడని నమ్మడానికి వీల్లేదని ఆ ఊరికి తెలుసు.

మామయ్య: సరే, మెడ సంగతి ఒప్పుకుంటాను. లెక్క సంగతి నువ్వు ఒప్పుకో. 2022లో అమెరికా రోడ్ల మీద చనిపోయింది 42,514 మంది. మన దేశంలో 1,68,491. జనాభాతో భాగించి చూడు. లక్షకి మనకి పన్నెండు మంది, వాళ్ళకి దగ్గర దగ్గర పదమూడు. నియమాలన్నీ పాటించే దేశంలో ఎందుకు ఇంతమంది పోతున్నారు? నమ్మకం వల్లే. ఎదుటివాడు ఆగుతాడని నమ్మి పోతున్నారు. నా అనుమానమే నయం.

మేనకోడలు: లెక్క తప్పు కాదు. వాళ్ళు మనకంటే ఎన్నో రెట్లు దూరం నడుపుతారు. ప్రతి ఇంట్లో ఒకటో రెండో కార్లు. మైలుకి లెక్కేస్తే మనదే చాలా ఎక్కువ. అయినా అక్కడి రోడ్లు భద్రమని నేననలేదు. ఇక్కడ పోయేది ఎవరో చూడండి. అదే ఏడాది మన దేశంలో చనిపోయినవాళ్ళలో నూటికి నలభై నాలుగు మంది పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్ళు, ఇంకో పందొమ్మిది మంది నడిచేవాళ్ళు. మీరు కారులో ఉన్నారు కాబట్టి మీ నలభై అయిదేళ్ళు క్షేమంగా గడిచాయి. మీ నేర్పు కొంత, బండి చుట్టూ ఉన్న ఇనుము కొంత. అక్కడ అందరి చుట్టూ ఇనుమే. దాన్ని గంటకి అరవై అయిదు మైళ్ళతో, అంటే నూట అయిదు కిలోమీటర్లతో తోస్తారు.

మామయ్య: నేను నలభైతో పోతాను. ఎవడొద్దన్నాడు?

మేనకోడలు: అసలు భయమంతా ఆ మాటకే! ఇక్కడ నిదానం జాగ్రత్త. అక్కడ ఫ్రీవే మీద నిదానమే ప్రమాదం. ఎక్కే ర్యాంపు మీదే వేగం అందుకుని, పారే కార్ల మధ్య సందు చూసి, అదే వేగంతో కలవాలి. ర్యాంపు చివర ఆగి, ఎవరైనా దారిస్తారేమోనని ఎదురుచూసే పెద్దవాళ్ళని ఎంతమందిని చూశానో! వెనకవాడికి ఆ ఆగడం అర్థం కాదు. మన జాగ్రత్త వాళ్ళకి చదవరాని భాష. భాషంటే గుర్తొచ్చింది, ఇక్కడ ఎదుటి బండి హెడ్‌లైటు ఒకసారి వెలిగించి ఆర్పితే ఏమిటి?

మామయ్య: ‘నేనొస్తున్నా, ఆగు.’

మేనకోడలు: అక్కడ చాలాసార్లు ‘నేను ఆగాను, మీరు వెళ్ళండి’. హారన్ ఇక్కడ పలకరింపు. లారీల వెనక కొట్టమని రాసి మరీ తిప్పుతారు. అక్కడ తిట్టు. హైవే మీద ముందు లారీవాడు కుడి ఇండికేటరు వేస్తే మనకి ‘దాటిపో’ అని అర్థం. అక్కడ ‘నేను తిరుగుతున్నా’ అనే అర్థం ఒక్కటే. ఇక పోలీసు ఆపాడనుకోండి, మీరేం చేస్తారు?

మామయ్య: దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళతాను. మర్యాద కదా.

మేనకోడలు: అక్కడ ఆ మర్యాదే బెదిరింపు. దిగకూడదు. కుడి పక్కకి తీసి ఆపి, రెండు చేతులూ స్టీరింగు మీద కనిపించేలా పెట్టి కూర్చోవాలి. ఆయన అడిగాకే, చెప్పి మరీ, జేబులోకో డాష్‌బోర్డు అరలోకో చెయ్యి పెట్టాలి. మీరు మర్యాద చేయబోయి దిగితే ఆయన చెయ్యి తుపాకీ మీదికి పోతుంది.

ఇక్కడ నేను మామయ్య ముఖం చూశాను. ఓడిపోతున్నవాడి ముఖం కాదది. ఇంకేదో చెప్పాలనుకుని చెప్పలేని ముఖం. అది చివరికి బయటికొచ్చింది.

మామయ్య: నువ్వు చెప్పేవన్నీ నిజమే అనుకో. అయితే నన్నేం చేయమంటావు? పోయినసారి వెళ్ళినప్పుడు ఏం జరిగిందో తెలుసా? పొద్దున్న ఎనిమిదింటికి వాడూ కోడలూ ఆఫీసుకి, పిల్ల బడికి. మీ అత్తయ్యా నేనూ ఆ ఇంట్లో. తలుపు తీస్తే రోడ్డు, రోడ్డు మీద మనిషి లేడు. కాఫీ పొడి అయిపోతే సాయంత్రం దాకా ఆగాలి. లివర్‌మోర్ గుడికి వెళ్ళాలంటే శనివారం కోసం కాచుక్కూర్చోవాలి. శనివారం వస్తే పిల్లకి ఏదో క్లాసు. ఇక్కడ నేను కపాలీశ్వరుడి గుడికి నడిచి వెళతాను, రానడే లైబ్రరీకి నడిచి వెళతాను, దారిలో పదిమంది పలకరిస్తారు. అక్కడ ‘నాన్నా, ఏమన్నా కావాలా’ అని వాడు అడిగితేగానీ నాకేమీ రాదు. నేను కారు అడిగేది షోకుకి కాదు. అడగకుండా బతకడానికి.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేనకోడలు గొంతు మారింది.

మేనకోడలు: మా అమ్మ కూడా ఇదే అంది. నేను వినలేదు.

మామయ్య: వినరు. మీకు తీరిక ఉండదు. తప్పు పట్టడం లేదు.

మేనకోడలు: దానికి దారి కారొక్కటే కాదు మామయ్యా. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు స్టేషను ఉంది, ఏసీ ట్రాన్సిట్ బస్సులున్నాయి. అరవై అయిదు దాటినవాళ్ళకి బార్ట్ ఛార్జీ సగం కన్నా తక్కువ. అందుకు సీనియర్లకి ఇచ్చే క్లిప్పర్ కార్డు తీసుకోవాలి, వయసు చూపిస్తే చాలు. మీ బస్సు మార్గాలు నేను రాసిస్తాను. గుడికి ఫోనులో టాక్సీ పిలవడం అత్తయ్యకి నేర్పిస్తాను.

మామయ్య: నేర్పించు. అయినా కారు నడుపుతాను.

మేనకోడలు: కాగితాలు?

మామయ్య: మందవెల్లి ఆర్టీవోకి ఫారం 4ఎ పెడుతున్నాను. వెయ్యి రూపాయలు. అంతర్జాతీయ పర్మిటు ఏడాది చెల్లుతుంది. 1949 జెనీవా ఒప్పందంలో మన దేశం ఉంది కదా.

మేనకోడలు: పెట్టండి, మంచిదే. అయితే అది లైసెన్సు కాదు, మీ లైసెన్సుకి అనువాదం. అసలు కార్డు జేబులో లేకపోతే ఆ పుస్తకం చిత్తు కాగితం. చుట్టపుచూపుగా వచ్చినవాడు తన దేశపు లైసెన్సుతో నడపడానికి కాలిఫోర్నియా ఒప్పుకుంటుంది. పర్మిటు ఆ రాష్ట్రం అడగదు, కారు అద్దెకిచ్చేవాళ్ళు అడగవచ్చు. ఇంకో రాష్ట్రానికి వెళితే నియమం ఇంకోటి. నిజంగా చూసుకోవలసింది బీమా. బావ పాలసీలో మీరు నడిపితే చెల్లుతుందా? కంపెనీకి ఫోను చేసి, మీ పేరు చెప్పి, రాతలో తీసుకోమనండి. 2025 జనవరి నుంచి ఆ రాష్ట్రంలో కనీస బీమా అవతలి మనిషి ఒక్కరికి 30,000 డాలర్లు. మనిషికి గట్టి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో అది ఏ మూలకి? మిగతాది ఎవరు కట్టాలి? బావ ఇల్లు.

మామయ్య: ఊఁ. బీమా కనుక్కుంటాను. ఇంకేమన్నా ఉందా?

మేనకోడలు: ఉంది. దిగిన మొదటి వారం తాళాలు ముట్టుకోవద్దు. పన్నెండున్నర గంటల తేడా, మధ్యాహ్నం రెండింటికి మీ ఒంటికి అర్ధరాత్రి దాటి ఉంటుంది. తరవాత అక్కడి డ్రైవింగు స్కూలు మనిషిని డబ్బిచ్చి రెండు మూడు పూటలు పక్కన కూర్చోబెట్టుకోండి. కొడుకు వద్దు, కొడుకు అరుస్తాడు, మీరు నొచ్చుకుంటారు. ఆ మనిషి సరే అన్నాకే, పగలు, వాన లేనప్పుడు, తెలిసిన మూడు వీధుల్లో. ఫ్రీవే వద్దు. ఇంకొకటి. మనవరాలిని ఎక్కించుకోవద్దు.

మామయ్య: దాన్నా? దాన్ని స్కూలు నుంచి తీసుకురావాలనే కదా నేను...

మేనకోడలు: అందుకే అంటున్నాను. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి అక్కడ వెనక సీట్లో ప్రత్యేకమైన సీటు ఉండాలి, దాని పట్టీలు బిగించడమే ఒక విద్య. మీరు దారి వెతుక్కుంటూ, కడ్డీ వెతుక్కుంటూ, వెనకనుంచి అది ‘తాతయ్యా’ అని పిలిస్తే మీరు తల తిప్పకుండా ఉంటారా?

మామయ్య జవాబివ్వలేదు. బెంచీ మీద వేలితో ఏదో గీస్తూ కూర్చున్నారు. పందెంలో ఆయన ఇష్టంగా దాచుకున్న ముక్క అదేనని నాకప్పుడు అర్థమైంది.

మామయ్య: సరే, అది ఎక్కదు. మూడు వీధులు, పగలు. అంతకు తగ్గను. ఇప్పుడు నీ సంగతి చెప్పు. నీ పర్మిటు ఏది?

మేనకోడలు: నాదా?

మామయ్య: నీ మద్రాసు లైసెన్సు గడువు ఎప్పుడో దాటింది. నీ దగ్గరున్నది కాలిఫోర్నియాది. దానికి పర్మిటు అక్కడే, బయల్దేరకముందే తీసుకోవాలి. తెచ్చావా?

మేనకోడలు: లేదు.

మామయ్య: లైసెన్సు లేకుండా బండి నడిపితే మన దగ్గర 5,000 రూపాయల జరిమానా. అదట్లా ఉంచు. నీ చేతిలో బండి ఎవరికైనా తగిలితే, డ్రైవరుకి చెల్లే లైసెన్సు లేదని బీమావాడు తప్పుకోవడానికి చూస్తాడు. పొద్దున్న ఎటు చూసి రోడ్డు దాటావో ఇద్దరం చూశాం. తాళాలు ఇవ్వను తల్లీ. మీ అత్తయ్యని సుఖంగా టి.నగర్ తీసుకెళ్ళాలంటే టాక్సీ పిలు. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర పోయింది వెనక సీట్లో బెల్టు లేకుండానే.

ఆమె నవ్వలేదు. తల ఊపి, ఫోనులో టాక్సీ చూసుకుంది.

నన్ను తీర్పు చెప్పమంటే స్టీరింగు సంగతిలో మేనకోడలిదే న్యాయం. నేర్పు మనిషిది కాదు, ఆ మనిషి ఉన్న రోడ్డుది. లజ్‌లో ఆయనకున్న నేర్పులో సగం చుట్టూ ఉన్న ఆటోవాళ్ళకీ బస్సు డ్రైవర్లకీ ఆయన మనసు తెలియడం వల్ల వచ్చింది. ఫ్రీమాంట్‌లో ఆయన మనసు ఎవరికీ తెలియదు. కాని ఆయన అడిగిన దానికి ఆమె దగ్గర పొద్దుటిదాకా జవాబు లేదు. ‘నడపకండి’ అని చెప్పినవాళ్ళు ‘మరి ఎలా తిరగాలి’ అన్నదానికి కూడా బాధ్యులే. నడపడం మానిపించి ఇంట్లో కూర్చోబెట్టడం భద్రత కాదు.

అందుకని అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో ఉండి అమ్మానాన్నలకి టికెట్టు కొంటున్న పిల్లలకి ఒక్క మాట. వాళ్ళు విమానం ఎక్కకముందే మీ వీధి చివర బస్సు ఎక్కడ ఆగుతుందో ఒకసారి మీరు నడిచి చూసి రండి. ఆ బస్సు కార్డు కొని, వాళ్ళ గదిలో దిండు పక్కన పెట్టండి.